పారడైజ్‌లో దిగే తమ్ముడికి

ఈ వారం ఉత్తరం ఉప్పల్ నుంచి. పేరు రాయొద్దన్నాడు, రాయను. ముప్పై ఆరేళ్లు, బీకాం, రాణిగంజ్‌లో బోల్టులు బేరింగులు అమ్మే హోల్‌సేల్ దుకాణంలో పదకొండేళ్లుగా అకౌంటెంట్, జీతం 31 వేలు. క్లాస్‌మేట్ ఒకతను రాయదుర్గం దగ్గర పెద్ద కంపెనీలో ఉన్నాడట, అతను రెఫర్ చేస్తే జీఎస్టీ, వెండర్ పేమెంట్లు చూసే టీమ్‌లోకి పిలుపొచ్చింది, 52 వేల దాకా ఇస్తారట. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో, ఇంగ్లీషులో. ఆ రోజు పొద్దున మనవాడు జ్వరం అని మెయిల్ కొట్టేశాడు. జ్వరం లేదు. వాళ్లు మంచోళ్లలా ఉన్నారు, వచ్చే గురువారం పదకొండింటికి మళ్లీ టైమిచ్చారు. ఇంట్లో భార్యకి మాత్రం కంపెనీవాళ్లే పోస్ట్‌పోన్ చేశారని చెప్పాడు.

అతని మాటల్లోనే కాస్త: "అక్కా, ఇక్కడ కండ్లు మూసుకొని పని చేస్త. సేఠ్ నన్ను ఇంట్ల మనిషి లెక్క చూస్తడు. అక్కడికి పోతే నేనే కొత్తోణ్ణి, ఇరవై నాలుగేండ్ల పోరలు నాకు నేర్పుతరు. అందరు కంఫర్ట్ జోన్‌ల నుంచి బయటికి రా అంటున్రు. రావాల్నా వద్దా?"

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటున్నా తమ్ముడూ, ఏమనుకోకు.

ఆ కంఫర్ట్ జోన్ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మాట తప్పని కాదు, చెప్పేవాళ్ల తీరు అలా ఉంటుంది. పొద్దున్నే వాట్సాప్‌లో గద్ద బొమ్మ మీద రాసి పంపిస్తారు చూడు, పంపిన పెద్దమనిషేమో ఇరవై ఏళ్లుగా అదే ఆఫీసులో అదే కుర్చీలో అదే దిండు వేసుకుని కూర్చుంటాడు. అయినా నీకున్నది కంఫర్టేనా అని నా డౌటు. స్కూల్ ఫీజు కట్టడానికి ప్రతి జూన్‌లో సేఠ్ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటున్నానని నువ్వే రాశావు, మూడేళ్లుగా జీతం పెరగలేదన్నావు, పెంచమని అడగడానికి నోరు రావట్లేదన్నావు. ఇందులో సుఖం ఎక్కడుంది? అలవాటు ఉంది. బిగుతు చెప్పు రోజూ వేసుకుంటే మడమ కాయ కాసి కొన్నాళ్లకి నొప్పి తెలీదే, ఆ బాపతు.

సరే, నీ ఉత్తరంలో నువ్వు ఒక్క లైనులో రాసి వదిలేసినదాన్ని నేను పట్టుకుంటా. "జీఎస్టీ వచ్చినప్పుడు మూడు నెలలు దుకాణంలనే పండుకున్న" అన్నావు. మా మరిది టాక్స్ కన్సల్టెంట్, ఆ మూడు నెలలు ఆయన మొహం చూసినదాన్ని కాబట్టి ఆ లైను విలువ నాకు తెలుసు. 2017 జూన్ 30 అర్ధరాత్రి పార్లమెంటు సెంట్రల్ హాల్లో మొదలుపెట్టారు, తెల్లారేసరికి బిల్లు ఎలా రాయాలో బజార్లో సగం మందికి తెలీదు. అప్పటిదాకా వ్యాట్, సీఎస్టీ అనే పాత పన్నులు, వాటి సీ ఫారాలు, అదొక లోకం. ఒక్కసారిగా ప్రతి సరుకుకీ హెచ్ఎస్ఎన్ అని ఒక నంబరు కోడ్, బోల్టులకి 7318, బేరింగులకి 8482, దుకాణంలో ఎన్ని వందల ఐటమ్స్ ఉంటే అన్నిటికీ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో ఎక్కించుకోవాలి, జీఎస్టీ పోర్టల్ చూస్తే తెరుచుకోదు, జూలై నెల లెక్క చూపే 3బి రిటర్న్‌కి ఆగస్టు 20 ఆఖరి తేదీ అని చివర్లో మళ్లీ పొడిగించారు, కొనుగోళ్ల రిటర్న్ జీఎస్టీఆర్-2 అని ఒకటి పెట్టి నవంబర్ కల్లా పక్కన పెట్టేశారు. అది సర్దుకుంది అనుకునేలోపు ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, 2023 ఆగస్టు నుంచి ఐదు కోట్ల టర్నోవర్ దాటినవాళ్లందరికీ. మీ దుకాణం కూడా అందులో పడింది, అదీ నువ్వే నేర్చుకుని నువ్వే మొదలుపెట్టావు.

ఇన్ని చేసినవాడివి ఒక వీడియో కాల్‌కి జ్వరం తెచ్చుకున్నావా?

వెక్కిరింపు కాదు, నిజంగానే అడుగుతున్నా, ఎందుకంటే ఇక్కడే ఉంది అసలు ముడి. జీఎస్టీ అప్పుడు కూడా భయపడే ఉంటావు. కానీ అప్పుడు నీకు తెలియనిది పక్క దుకాణం అకౌంటెంట్‌కీ తెలీదు, మీ సీఏకీ సరిగ్గా తెలీదు, అందరూ ఒకే బురదలో ఉన్నారు, అందులో నువ్వే కాస్త ముందు గట్టెక్కావు. గురువారం సంగతి అలా కాదు, తెలిసినవాళ్ల మధ్యలో తెలియనివాడిగా కూర్చోవాలి. పనంటే నీకు భయం లేదు తమ్ముడూ. నువ్వు తడబడటం ఇంకొకరు చూస్తారే, దానికి భయం. ఈ రెండూ వేరు, మందు కూడా వేరు. చాలామంది ఇది తెలుసుకోక పనికి ట్రైనింగ్ తీసుకుంటారు, అమీర్‌పేట పోయి మైత్రీవనం చుట్టుపక్కల ఇంకో కోర్సులో చేరి ఇంకో సర్టిఫికెట్ తెచ్చుకుంటారు, భయం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. నువ్వు కూడా "ముందు ఎస్ఏపీ కోర్సు చేసి ఆర్నెల్ల తర్వాత ట్రై చేయనా" అని రాశావు. పెద్ద కంపెనీల్లో లెక్కలకి వాడే సాఫ్ట్‌వేర్ కదా, కోర్సు మంచిదే, ఉద్యోగంలో చేరాక చెయ్యి. ఇప్పుడైతే అది జ్వరానికి ఇంకో పేరు.

నా సంగతి చెప్తా. నలభై మూడేళ్లప్పుడు కారు నేర్చుకున్నా. గ్రౌండ్‌లో బ్రహ్మాండంగా నడిపేదాన్ని, రోడ్డు మీద కూడా పర్లేదు, తార్నాక సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు చెమటలు. ఒకరోజు గ్రీన్ పడగానే క్లచ్ గబుక్కున వదిలేశా, బండి ఆగిపోయింది, వెనక ఆర్టీసీ బస్సు, ఆటోలు, మన ఊరి హారన్లు నీకు చెప్పాలా, ఒకాయన బైక్ పక్కకి తెచ్చి మరీ అద్దంలోంచి నా మొహం చూసి పోయాడు. తర్వాత ఇరవై రోజులు కారు ముట్టుకోలేదు, నడుం నొప్పి అన్నా (నీది జ్వరం, నాది నడుం). నేర్పే ఆయన పాతబస్తీ మనిషి, ఊరుకోలా. ఒక ఆదివారం పొద్దున్నే ఓయూ క్యాంపస్ వైపు చిన్న సిగ్నల్ దగ్గరికి తీసుకుపోయి, "మేడమ్, ఇప్పుడు గ్రీన్ పడ్తది, మీరు కావాలనే బండి బంద్ చెయ్యండి" అన్నాడు. నేను పిచ్చా అన్నా. "చెయ్యండి, ఏం గాదు, హారన్ కొడ్తరు, కొట్టనీయండి, మీరు నిమ్మళంగా చాబీ తిప్పండి" అన్నాడు. చేశా. వెనక ఇద్దరు కొట్టారు. నేను తాళం తిప్పా, బండి స్టార్ట్ అయింది, పోయాం. అలా నాలుగుసార్లు చేయించాడు ఆ రోజు. బండి ఆగకుండా నడపడం నాకు ముందే వచ్చు, ఆగిపోతే ఏం చెయ్యాలో, నలుగురి ముందు ఆగిపోయి కూడా బతికి ఎలా బయటపడాలో అది రాదు. అది నేర్పాడాయన. పుణ్యాత్ముడు.

మన పీవీ సింధు సంగతీ ఇలాంటిదే. ఆట ఉంది, ఎత్తు ఉంది, కోర్టులో గట్టిగా అరవడం మాత్రం ఆ అమ్మాయి వల్ల అయ్యేది కాదట, నెమ్మది మనిషి. గచ్చిబౌలి అకాడమీలో గోపీచంద్ ఆమెని కోర్టు మధ్యలో నిలబెట్టి, తోటి ప్లేయర్లు, కోచ్‌లు చూస్తుండగా అరవమన్నారు, అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు, ఆమె ఏడ్చేసింది కూడా. ఆయనే తర్వాత ఈ సంగతి బయటికి చెప్పారు. 2016లో రియోలో వెండి పతకం తెచ్చినప్పుడు కోర్టులో ఆ అరుపులు మనమందరం టీవీలో విన్నాం. ఆ రోజు ప్రాక్టీస్ చేయించింది షాట్ కాదు చూడు, నలుగురూ చూస్తుండగా తనకి అలవాటు లేని మనిషిగా నిలబడటం. అయితే ఒకటి, గోపీచంద్‌కి ఆ పిల్ల చిన్నప్పటినుంచీ తెలుసు, ఎంత ఒత్తిడి పెట్టొచ్చో తెలుసు. నిన్ను అలా నిలబెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఒత్తిడి అంటే గుర్తొచ్చింది. మన మూసీకి వరదొచ్చి ఊరు కొట్టుకుపోయిన సంవత్సరం, 1908, అదే ఏడాది అమెరికాలో యర్క్స్, డాడ్సన్ అని ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు అచ్చేశారు. తెల్ల డబ్బాలోకి పోవాలా నల్ల డబ్బాలోకి పోవాలా అని ఎలుక నేర్చుకోవాలి, తప్పు డబ్బాలోకి పోతే చిన్న కరెంటు షాకు. రెండు డబ్బాలకీ తేడా తెలిసిపోతుంటే, అంటే పని తేలికైతే, షాకు పెంచేకొద్దీ ఎలుక తొందరగా నేర్చుకుంది. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం మధ్యస్తం షాకు దగ్గరే బాగా నేర్చుకుంది, అది దాటితే నేర్చుకోవడం మందగించింది. ఎలుకల సంగతి మనుషులకి మక్కీకి మక్కీ అతకదు, ఒప్పుకుంటా. కానీ నీ జ్వరం చూస్తే నాకు ఆ ఎలుకే గుర్తొచ్చింది, నీ భార్య మంచికే అన్నా "ఈ ఒక్క ఛాన్స్ పోతే ఇంక రాదు" అని రోజూ అంటోంది, క్లాస్‌మేట్ "నా పరువు తియ్యకు" అంటున్నాడు, నువ్వేమో పిల్లల ఫీజు, ఈఎంఐ అన్నీ ఆ నలభై నిమిషాల కాల్ మీదే పెట్టావు. షాకు ఎక్కువైపోయింది. తగ్గించుకోవాలి, పూర్తిగా తీసేయకూడదు.

ఎలా తగ్గించాలంటే, ఇవాళ్టి నుంచి చిన్నచిన్నవి చేసుకుంటూ రా. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని మా అమ్మమ్మ అనేది, ముందు ఉట్టి సంగతి చూద్దాం. నీ బ్యాంక్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యి, తెలుగు నొక్కకు, ఇంగ్లీష్ నొక్కు. ఏదో ఒకటి అడుగు, చెక్‌బుక్కో, వడ్డీ రేటో. అవతలివాళ్లు నీ మొహం చూడరు, నీ పేరు పది నిమిషాల్లో మర్చిపోతారు, అంతకంటే క్షేమమైన చోటు ఇంకోటి లేదు. అందులో ఒకసారి కావాలనే, అర్థమైనా సరే, "సారీ, కెన్ యు రిపీట్" అను. బండి కావాలని ఆపడం లాంటిదన్నమాట. మూడు కాల్స్ అయ్యేసరికి ఆ మాట నీ నోట్లో రాయిలా కాకుండా తమలపాకులా తిరుగుతుంది. తర్వాత మీ సీఏ ఆఫీసులో ఆర్టికల్స్ చేసే పిల్లలున్నారు కదా, ఇరవై రెండు ఇరవై మూడేళ్లవాళ్లు, వాళ్లలో ఒకర్ని పట్టుకో, చాయ్ ఇప్పించు, "నాకు ఇంటర్వ్యూ ఉంది, పదిహేను నిమిషాలు ఇంగ్లీషులో ప్రశ్నలు అడుగు" అని అడుగు. చిన్నపిల్లలు నేర్పుతారని కదా నీ బాధ, ఆ మందు నాలుగు రోజుల ముందే వేసుకో. వాళ్లు నవ్వరు, నన్ను నమ్ము, ఆ వయసువాళ్లకి పెద్దోళ్లు అడిగితే భలే గర్వం.

వీలైతే ఒకసారి టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌కి గెస్టుగా వెళ్లు, మన ఊళ్లో చాలా ఉన్నాయి, పేరు చూసి భయపడకు. అక్కడ టేబుల్ టాపిక్స్ అని ఒకటుంటుంది, అప్పటికప్పుడు ఏదో విషయం ఇస్తారు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి, టైమ్ దగ్గర పడుతుంటే పచ్చ, పసుపు, ఎరుపు చూపిస్తారు. మాట మధ్యలో ఎన్నిసార్లు ఆ, ఊ అన్నామో లెక్కపెట్టడానికి ఒక మనిషిని కూర్చోబెడతారు! నేను వెళ్లిన రోజు ఒక పెద్ద మేనేజర్‌గారికి రెండు నిమిషాల్లో ఇరవైకి పైగా లెక్క తేలింది, ఆయనే చప్పట్లు కొట్టుకున్నాడు. తడబడటానికి డబ్బులు కట్టి మరీ పోగయ్యే చోటు అది. గురువారంలోపు కుదరకపోతే తర్వాత వెళ్లు, అది ఈ ఒక్క ఇంటర్వ్యూ కోసం కాదు.

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి అన్నావు. ఇందాక నేను చెప్పిన కథే చెప్పు. ఇన్ని వందల ఐటమ్స్ వ్యాట్ నుంచి జీఎస్టీలోకి ఎలా మార్చావో, సప్లయర్లు చూపించిన బిల్లుల లిస్టు 2బితో మీ పర్చేజ్ బిల్లులు ఎలా సరిపోల్చుకుంటావో, సప్లయర్ రిటర్న్ వెయ్యకపోతే మీరు కట్టిన పన్నుకి రావాల్సిన క్రెడిట్ ఆగిపోయినప్పుడు ఫోన్లు చేసి ఎలా రాబట్టావో. వాళ్ల టీమ్ చేసేదీ ఇదే పని, స్క్రీన్ వేరు, సాఫ్ట్‌వేర్ వేరు. గ్రామర్ తప్పులు పోనీ. తెలియనిది అడిగితే తెలీదు అని చెప్పు, "టాలీలో ఇలా చేస్తా, మీ సిస్టమ్‌లో చూపిస్తే నేర్చుకుంటా" అను. అంతే, దానికంటే పెద్ద ఇంగ్లీషు ఎవరూ అడగరు ఆ పోస్టుకి.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి, దీనికి ఖర్చు మెట్రో టికెట్టే. నువ్వు రోజూ ఉప్పల్‌లో ఎక్కి పారడైజ్‌లో దిగుతావు. నువ్వు దిగాక ఆ ట్రైన్ ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా కూర్చుని చూశావా? అదే ట్రైన్, బోగీ కూడా మారక్కర్లేదు, బేగంపేట, అమీర్‌పేట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, దుర్గం చెరువు మీదుగా రాయదుర్గం పోయి ఆగుతుంది. 2017లో మెట్రో మొదలైనప్పుడు ఈ లైను అమీర్‌పేట దాకానే, 2019లో హైటెక్ సిటీకీ, ఆ ఏడాది చివర్లో రాయదుర్గానికీ పోయింది. పిల్లల్ని కూడా తీసుకెళ్లు. ఆ కంపెనీ బిల్డింగ్ ముందు నిలబడి చూడు, గేటు ఎక్కడ, సెక్యూరిటీ ఎక్కడ, చాయ్ బండి ఎక్కడ. చాయ్ బండి తప్పకుండా ఉంటుంది, అక్కడ నిలబడ్డవాళ్లలో సగం మంది నీలాంటోళ్లే అని కూడా తెలుస్తుంది. రానూపోనూ ఎంత టైమ్ పడుతుందో వాచీ చూసుకో, ఎందుకంటే ఆదివారం ఖాళీ ట్రైన్ వేరు, సోమవారం తొమ్మిదింటికి నిలబడి పోవడం వేరు. ఇప్పటికంటే రోజుకి గంటకి పైనే ఎక్కువ ప్రయాణం, అది పిల్లల దగ్గర్నుంచి పోయే గంట, దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

లెక్క అంటే, అకౌంటెంట్‌కి నేను చెప్పడమేంటి, కానీ ఊరందరి లెక్కలు రాసేవాడు తన లెక్క వేసుకోగా నేను చూళ్లేదు. మీ దుకాణంలో పదిమందికి పైనే పనిచేస్తున్నారని రాశావు, అయితే గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన డబ్బు, వర్తిస్తుంది, ఐదేళ్లు దాటితే నీకు హక్కుగా రావాలి. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలని 26 రోజులుగా లెక్కేస్తారు, 31 వేలూ బేసిక్ కిందే రాసి ఉంటే పదకొండేళ్లకి దాదాపు లక్షా 97 వేలు. బేసిక్ తక్కువ రాసి ఉంటే తగ్గుతుంది, పేస్లిప్ చూసుకో. సేఠ్ మంచివాడు అంటున్నావు కదా, మంచివాడికి చట్టం గుర్తు చేస్తే కోపం రాకూడదు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా మాత్రం దుకాణంలో నోరెత్తకు. వచ్చాక కూడా నెల 20 దాటి, 3బి వేసేశాక చెప్పు, అప్పుడు ఆయనా ప్రశాంతంగా వింటాడు, నువ్వూ ప్రశాంతంగా చెప్తావు. కౌంటర్ దగ్గర టాలీ కొట్టే కుర్రాడున్నాడన్నావు, నోటీసు నెలలో అతనికి అన్నీ నేర్పి వెళ్లు.

సేఠ్‌ని వదిలిపోతే ద్రోహం కాదా అని అడిగావు. కాదు. ఇంట్లో మనిషి అన్న మాట నేను కొట్టిపారేయను, మీ నాన్నగారు ఆస్పత్రిలో ఉంటే ఆయన డబ్బులు పట్టుకుని రాత్రికి రాత్రి వచ్చాడన్నావు, అలాంటివి మర్చిపోకూడదు. కానీ ఆ రుణం జన్మంతా 31 వేలకి పనిచేసి తీర్చమని ఆయన కూడా అడగలేదు, నువ్వే అనుకుంటున్నావు. నిజం చెప్పు, ఆయన మీద ప్రేమతో ఆగుతున్నావా, గురువారం మీద భయంతో ఆగి దానికి ఆయన పేరు పెడుతున్నావా? రెండూ ఉండొచ్చు. ఏది ఎంతో నీకే తెలియాలి.

అన్నీ చూసుకున్నాక ఉండిపోవాలనిపిస్తే ఉండిపో, దానికీ సిగ్గుపడక్కర్లేదు, ఇంటికి దగ్గర, పని చేతిలో ఉంది, మనుషులు మంచోళ్లు, ఇవన్నీ డబ్బుకి తక్కువేం కావు. కాకపోతే ఊరికే ఉండిపోకు, సేఠ్ ఎదురుగా కూర్చుని "భాయ్, మూడేళ్లయింది, జీతం పెంచాలి, ఇంత కావాలి" అని అంకెతో సహా అడిగి అప్పుడు ఉండు. నాకెందుకో నీకు ఆ మాట అడగడం గురువారం ఇంటర్వ్యూ కంటే కష్టం అనిపిస్తోంది. ఇంటర్వ్యూ ఇచ్చాకే అడుగు, బయట నీ రేటెంతో తెలిసినవాడి గొంతు వేరేగా ఉంటుంది.

మిగిలింది మీ ఆవిడ. వాళ్లే పోస్ట్‌పోన్ చేశారని చెప్పావు కదా, ఇవాళ రాత్రి పిల్లలు పడుకున్నాక నిజం చెప్పెయ్యి. తిడుతుంది, కాసేపు. ఎందుకు చెప్పలేదంటే ఏమంటావో కూడా ముందే ఆలోచించుకోకు, భయమేసింది అని చెప్పు, అంతే. ఆ అమ్మాయి నీతో పన్నెండేళ్లుగా ఉంటోంది, నీ భయం ఆమెకి కొత్త కాదు, నువ్వు దాచావన్నదే కొత్త. తర్వాత ఆమెనే ఎదురుగా కూర్చోబెట్టి "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని అడగమను.

గురువారం కాల్ దుకాణంలో కూర్చుని తీసుకోకు, వెనక బోల్టుల డబ్బాలు, మధ్యలో ఎవరో ఒకరు "అన్నా, బిల్" అని వస్తారు. ఇంట్లోనే ఉండు, ఉప్పల్‌లో మీ వీధిలో పదకొండింటికి కూరగాయల బండి మైకు వస్తుందేమో చూసుకుని లోపలి గదిలో కూర్చో, ఫోను కింద నాలుగు పుస్తకాలు పెట్టి కంటి ఎత్తుకి తెచ్చుకో, ముందురోజు రాత్రే క్లాస్‌మేట్‌తో ఒకసారి కాల్ కలిపి మాట వినబడుతోందో లేదో చూడు. సేఠ్‌ని సగం రోజు సెలవు అడుగు. ఇంట్లో పనుంది అను చాలు. జ్వరం అని మాత్రం అనకు, అది వాడేశావు.